వీధివైపు కిటికీలు

1946 ఫిబ్రవరి 10, ఆదివారం

కిటికీల లెక్క మళ్ళీ మొదటి నుంచి వేశాను. వెనక మగ్గం గదికి ఒకటి, పెద్దది. వీధివైపు పడసాలకు రెండు. టేకు చట్రాలు, గాజు రెక్కలు, ఇనుప ఊచలు, వడ్రంగి పెద్దమునియప్ప కూలి. యుద్ధం ముగిసిందని పేపర్లో రాస్తున్నారు గాని ఆ సంగతి గాజు కొట్టువాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఎటు తిప్పి వేసినా మూడు కిటికీలకు డబ్బు చాలదు. మగ్గం గది ఒక్కదానికే అయితే మంచి టేకు, మంచి తెల్లగాజు పెట్టినా కొంచెం మిగులుతుంది.

డబ్బు కదిరమ్మ వదినది. పోయిన ఏడు నేసిన పెళ్ళిచీరల కూలి అంతా, పట్టు ఇచ్చి నేయించే సావుకారు వెంకటగిరియప్ప దగ్గరే దాచుకుంది. మొన్న తీసుకొచ్చి గుడ్డమూటతో సహా నా చేతిలో పెట్టింది.

“మగ్గం కాడి కిటికీ చెదలు తినేసిండాదప్పా. పోయిన వానల్లో పడుగంతా తడిసిపాయె. ఎట్ల చేస్తావో, నువ్వే చూడు. చదువుకున్నోడివి, నాకేం తెలుసు” అంది.

ఎంచి చూసుకోమని కూడా అనలేదు.

మా అన్న పోయి ఆరేళ్ళు. ఇక మగ్గం అమ్మేస్తారని వీధంతా అనుకుంటే, ఆమె తానే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంది. మా కులంలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలు తోడతారు, మగ్గం మాత్రం ఎక్కరు. మొదటి ఏడాదంతా గడప దగ్గర నిలబడి నవ్విపోయినవాళ్ళే. ఎప్పుడు తప్పు నేస్తుందా, సావుకారు ఎప్పుడు పట్టు ఇవ్వడం మానేస్తాడా అని ఇప్పటికీ చూస్తున్నవాళ్ళు ఉన్నారు. నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. ఆ మగ్గం ఆడకపోతే నాకీ గుమాస్తా ఉద్యోగం లేదు. ఈ ముక్క ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు.

ఫిబ్రవరి 12

హెడ్డు గుమాస్తా గురురాజారావుగారు ఈరోజు నా బల్ల దగ్గర ఆగారు. ఆయన ఆగడమే గొప్ప. “మీది కబ్బన్‌పేట కదా. కరగ పూలకుండ ఊరేగింపు మీ వీధిలోంచే పోతుందటగా. ఈసారి చైత్ర పున్నమికి ఇంట్లోవాళ్ళను తీసుకొని మీ ఇంటికే వస్తాం, కిటికీలోంచి హాయిగా చూడవచ్చు” అన్నారు.

ఏ కిటికీలోంచి! ఒకదానికి రెక్క లేదు, తాటాకు చాప కట్టాం. రెండోది తెరిస్తే చట్రంతో సహా చేతికి వస్తుంది. నేను మాత్రం “తప్పకుండా దయచేయండి సార్” అన్నాను.

ఇంకొకటి. పోయిన ఏడు మా సెక్షన్ సహోద్యోగి ఒకాయన ఇంటికి వచ్చినప్పుడు వెనకనుంచి మగ్గం చప్పుడు వినిపించింది. ఏమిటని అడిగితే పక్కింటిది అన్నాను. వదినకు తర్వాత మెల్లగా చెప్పాను, ఆఫీసువాళ్ళు వస్తే కాసేపు ఆపమని. ఆమె సరేనంది. ఆమె దేనికైనా సరే అంటుంది, అదే నాకు కష్టంగా ఉంటుంది.

ఫిబ్రవరి 17

పెద్దమునియప్ప మంచి కబురు తెచ్చాడు. దండులో, అదే కంటోన్మెంటులో, సోల్జర్ల షెడ్లు పడగొట్టి సామాను అమ్మేస్తున్నారట. గాజు పలకలు దాదాపు ఊరికే వస్తున్నాయి. యుద్ధంలో పైనుంచి విమానాలకు దీపాలు కనబడకూడదని వాటికి నీలం రంగు పూశారు, అంతే.

“కిరసనాయిలు పెట్టి రుద్దితే పోతాదప్పా. కొంచెం పోకపోయినా ఏమి? లోపలి గదికి కదా, ఎవరు చూస్తారు!” అన్నాడు.

లోపలి గదికి కదా. ఆ మాట అతడే అన్నాడు, నేను అనలేదు.

ఫిబ్రవరి 18

లెక్క కుదిరింది. మగ్గం గదికి మామిడి చెక్క, దండు గాజు. పడసాల రెండింటికి టేకు, తెల్లగాజు. మూడు కిటికీలూ ఆ డబ్బులోనే. ఒకటి కావలసిన చోట మూడు వస్తున్నాయంటే ఇంటికంతటికీ లాభమే కదా. ఇల్లు ఆమెది కూడా.

ఫిబ్రవరి 19

మగ్గానికి కావలసింది వెలుతురు. గాజు తెల్లగా ఉంటేనేం, కాస్త నీలంగా ఉంటేనేం.

మార్చి 3, ఆదివారం

కిటికీలు పెట్టడం అయిపోయింది. పెద్దమునియప్ప రెండు పూటలు కిరసనాయిలుతో రుద్దాడు. రుద్దినకొద్దీ పలచబడింది గాని నీలం మొత్తం పోలేదు. మగ్గం గదిలో ఇప్పుడు మబ్బు పట్టిన సాయంత్రంలా ఉంది. వదిన వేళ్ళతో గాజు తాకి చూసింది.

“ఎంత చల్లగా ఉండాదో! కండ్లకు హాయిగా ఉండాదప్పా” అంది.

తర్వాత పడసాలలోకి వచ్చి వీధి కిటికీలు చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. “ఇవి కూడా పెట్టిస్తివా! యాడిది డబ్బు?”

“ఆఫీసులో అడ్వాన్సు తీసుకున్నాను వదినా.”

“అయ్యో, నీ జీతంలో కోసేస్తారు కదప్పా! ఏంటికి చేస్తివి?” అంటూనే నా తల నిమిరింది. పొయ్యి దగ్గర నుంచి నా భార్య రత్నమ్మ తొంగి చూసింది. అడ్వాన్సు లేదని ఆమెకు తెలుసు, జీతం తెచ్చి ఇచ్చేది ఆమె చేతికే. మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

సమయం చూసి వదినకు నిజం చెప్పేస్తాను. కరగ పోయాక.

మార్చి 14

మూలింటి సొన్నప్ప ఈరోజు ఆగి మరీ మా కిటికీలు చూశాడు. టేకేనా అని అడిగాడు. టేకే అన్నాను.

మార్చి 29

ఈరోజు జరిగింది రాయకుండా ఉంటే బాగుండును.

ఆఫీసుకు వెళ్ళే దారి కాబట్టి వదిన నేసిన చీరలు సావుకారుకు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. మగ్గం మీద నేసిన గుడ్డ నేసినట్టే ముందున్న దోనె కర్రకు చుట్టుకుపోతుంది. పూర్తయ్యాక ఆమె కోసి, అక్కడే మడిచి, తెల్లబట్టలో కట్టి ఇస్తుంది. అట్లాగే తీసుకెళ్ళాను. ఉగాదికి ఎవరో పెద్దింటివాళ్ళు చెప్పిన వంకాయ రంగు చీర.

వెంకటగిరియప్ప కొట్టు ముందర ఎండలో చీర దులిపి పరిచాడు. సగం దాకా వంకాయ రంగు. అక్కడినుంచి నేరేడు రంగు. గీత గీసినట్టు తెలిసిపోతోంది. కొట్టులో ఇంకో ముగ్గురు వ్యాపారులు ఉన్నారు.

“ఏమప్పా ఇది? ఆ పట్టు ఒక చీరకు, ఈ పట్టు ఇంకొక చీరకు ఇచ్చింటిని. రెండూ కలిపేసి నేసిండాదే! ఇన్నేండ్లలో ఒక్క పోగు తప్పలేదు కదా ఆయమ్మ!”

మూలన కూర్చున్న ఒకాయన నవ్వాడు. “ఆడోళ్ళ చేతికి మగ్గమిస్తే ఇంకెట్లుంటాది?”

అందరూ నా వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి. నా నోట్లోంచి వచ్చేసింది.

“ఈ మధ్య ఆమెకు కళ్ళు సరిగా ఆనడం లేదండీ.”

ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! ఆమె కళ్ళ గురించి నాకు ఏమీ తెలియదు. కాని అన్న వెంటనే అందరి ముఖాలూ మెత్తబడ్డాయి. అయ్యో పాపం అన్నారు. నవ్విన ఆయన కూడా అన్నాడు. సావుకారు చీర మడిచి పక్కన పెట్టి, “అట్లయితే ఇంక పట్టు ఇచ్చేది కాదప్పా. ఆయమ్మకు మంచి మాటతో చెప్పు” అన్నాడు.

మార్చి 30

నేను అనకపోయినా ఎవరో ఒకరు అనేవారు.

ఏప్రిల్ 1

వదినకు చెప్పాను. నీకు కళ్ళు ఆనడం లేదని సావుకారు అనుకుంటున్నాడు, ఇక పట్టు ఇవ్వడట అని, మంచి మాటతోనే చెప్పాను. చీర చూపించమంది. సావుకారు దగ్గరే ఉందన్నాను. “నాకు ఒకటే రంగుగా కనబడె కదా” అంది. మళ్ళీ మళ్ళీ అదే అంది.

ఉగాది

పండుగనాడు పొన్నగంటి కూర. కళ్ళకు మంచిదని వదిన తానే పొద్దున పోయి ఏరుకొచ్చింది. భోజనాలయ్యాక గడపలో కూర్చొని సూదిలో దారం ఎక్కించింది. ఎక్కింది. తీసేసి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఎక్కింది.

“సూది కనబడతా ఉండాదే రత్నమ్మా! రంగు మాత్రం ఎట్ల తప్పిపాయె?” అంది. రత్నమ్మ నన్ను చూసింది. నేను ఇంకో బొబ్బట్టు అందుకున్నాను.

ఏప్రిల్ 5

మళ్ళీ పొన్నగంటి. కంచంలో పక్కకు తోసి లేచాను.

ఏప్రిల్ 7, ఆదివారం

ఆడవాళ్ళిద్దరూ రేషను బియ్యానికి పోయారు. నేను ఊరికే మగ్గం గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఊరికే అని రాస్తున్నాను, కాదు. వారం నుంచి నన్ను ఒకటి తొలుస్తూనే ఉంది.

రెండు లడీల పట్టుదారంలో మిగిలిన చుట్టలు బుట్టలో ఉన్నాయి. ఆ కిటికీ కింద పట్టుకొని చూశాను. రెండూ ఒకటే రంగు. ఎంత దగ్గరగా పెట్టినా ఒకటే. పడసాల దాటి వీధిలోకి పట్టుకుపోయాను. ఎండలో ఒకటి వంకాయ, ఒకటి నేరేడు. ఎరుపంతా ఆ నీలపు గాజు తాగేస్తోంది. మళ్ళీ లోపలికి పోయి చూశాను. మళ్ళీ ఒకటే అయిపోయాయి.

నేత ఇంట్లో పుట్టినవాణ్ణి. దీపం వెలుతురులో రంగు ఏరకూడదని నాకు మాటలు వచ్చినప్పటినుంచి విన్నాను. మా నాయన మబ్బు మరీ కమ్మిన రోజున రంగు మార్చేవాడే కాదు. ఇవన్నీ తెలిసినవాణ్ణి మగ్గానికి నీలపు గాజు తెచ్చి పెట్టాను. తెలియనివాడు చేయడు ఈ పని. వాడు పోయి నేతగాణ్ణి అడుగుతాడు. నాకు అడగాలనిపించలేదు, అడిగితే వద్దంటారని.

ఆమె కళ్ళు బాగున్నాయి. ఆ సంగతి ఈ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఏప్రిల్ 8

చెప్పలేదు. ఆఫీసులో పని ఎక్కువ.

ఏప్రిల్ 9

సొన్నప్ప వచ్చి మగ్గం చూసుకున్నాడు. తన రెండో కొడుకు కోసం కొంటాడట. శుక్రవారం మనుషులను తెచ్చి విప్పి తీసుకుపోతాడు. అంతా వదినే మాట్లాడింది. నేను ఇంకా ఆఫీసు చొక్కాలోనే నిలబడి ఉన్నాను.

“కండ్లు లేకుండా మగ్గం ఏం చేసుకుంటాను సొన్నప్పా? నాలుగిండ్లకు కండెలు చుట్టిస్తే నా కూడు నాకు వస్తాది. వీడికి భారం కాకుండా ఉంటే చాలు” అంది.

వీడు అంటే నేను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. అంతకంటే ఏమీ చేయలేదు.

ఏప్రిల్ 10

చెప్పాను. సావుకారుకు చెప్పాను. సగం చెప్పాను.

ఆఫీసు నుంచి తిన్నగా చిక్కపేటలో ఆయన కొట్టుకు పోయి, “ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి, తప్పు కిటికీ గాజుది, నీలం కలిసిన గాజు, దాంట్లో రంగులు తెలియవు” అన్నాను. గాజు నీలంది ఎందుకు వచ్చిందో చెప్పలేదు. ఆయన విని, నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

“వదిన కోసం ఎంత యోచన చేసి వస్తివప్పా! గాజు మీదికి తోస్తా ఉండావు. పోనీలే. ఈ కాలంలో ఇంత అభిమానం ఎవరికి ఉండాది?” అని, కొట్టులో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, “చూడండప్పా, మరిది అంటే ఇట్లుండాల” అన్నాడు.

వాళ్ళందరూ తలలూపారు. ఒకాయన నాకు తాంబూలం ఇచ్చాడు. నేను తీసుకున్నాను. వేసుకున్నాను కూడా.

ఏప్రిల్ 11

కొట్టు మాటలు పొద్దున్నకల్లా మా వీధికి వచ్చేశాయి. నేను ముఖం కడుక్కుంటుంటే వదిన చెంబుతో నీళ్ళు పోస్తూ, “నా కోసం అబద్ధం చెప్తివంట సావుకారు కాడ. వద్దప్పా. నా రాతకు నువ్వేంటికి మాట పడేది?” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కన్న కొడుకును చూసినట్టు చూసింది నన్ను.

అంతవరకూ ఓర్చుకున్నాను గాని ఆ చూపు ఓర్చుకోలేకపోయాను.

ఆఫీసుకు పోలేదు. ఆమె వంటింట్లోకి పోగానే మగ్గం గది కిటికీ నుంచి ఒక పలక ఊడదీశాను. మేకులు పీకుతుంటే వేలు తెగింది. పలకను పంచెలో చుట్టి, రెండు లడీలు జేబులో పెట్టుకొని చిక్కపేట పోయాను. దారిలో తెలిసినవాళ్ళు పలకరిస్తే ఏమన్నానో గుర్తు లేదు.

కొట్టు అరుగు మీద, ఎండలో, రెండు లడీలు పక్కపక్కన పెట్టి పైన ఆ పలక పట్టుకున్నాను. “వంగి చూడండి” అన్నాను. వెంకటగిరియప్ప చూశాడు. పలక తీయించి చూశాడు. మళ్ళీ పెట్టించి చూశాడు. కొట్టులో ఉన్నవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చూశారు. నిన్న తాంబూలం ఇచ్చిన ఆయన, “అరెరె, రంగే లేకుండా పాయెనే” అన్నాడు.

సావుకారు నవ్వలేదు. నన్ను అడిగాడు.

“నా కాడ దాచిన డబ్బంతా కిటికీకని తీసుకొనిపాయె కదా ఆయమ్మ. ఆ డబ్బుకు బంగారంలాంటి గాజు వస్తాది. ఇది ఏంటికి తెచ్చి పెడ్తివి?”

అందరూ వింటున్నారు. పలక ఇంకా నా చేతిలోనే ఉంది.

“వీధివైపు కిటికీలకు పెట్టాను” అన్నాను.

“ఏంటికి?”

“ఆఫీసువాళ్ళు కరగ చూడటానికి వస్తామన్నారు.”

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు జవాబు చెప్పే వీలుండేది. వెంకటగిరియప్ప పెట్టె మూసి, చెప్పులు వేసుకొని, “పద” అన్నాడు.

మా పడసాలలోకి వచ్చి ఆయన చేసిన మొదటి పని, ఉంగరపు వేలితో వీధి కిటికీ గాజును తట్టడం. “ఇదేనా?” అన్నాడు. “ఇదే” అన్నాను. తర్వాత మగ్గం గదిలోకి పోయి, పలక ఊడిన చోటు చూసి, మిగతా పలకలు చూసి బయటికి వచ్చాడు. వదిన తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గడపలో నిలబడింది. ఆమె వెనక రత్నమ్మ.

“కదిరమ్మా, నీ కండ్లకు ఏ రోగమూ లేదు. ఆ గాజులో చూస్తే నా కండ్లకూ తెలీలే” అన్నాడు సావుకారు. ఆమెను గడప బయటికి పిలిచి లడీలు చూపించాడు, పలక పెట్టి చూపించాడు.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అక్కడే అరుగు మీద చతికిలబడింది. “నా కండ్లు పోలేదా? పోలేదా సావుకారే?” అని ఏడుస్తూ నవ్వింది. “రత్నమ్మా, నా కండ్లు బాగుండాయంట! నేను గుడ్డిదాన్నయిపోతిననుకొంటినే!” అని చిన్నపిల్లలా రత్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషంలో ఆమెకు ఇంకేమీ తోచలేదు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె అంత సంతోషపడటం చూడటంకంటే నన్ను చెప్పుతో కొట్టి ఉంటే నయం.

“కండ్లు ఆనలేదని నీ మరిదే చెప్పె కదా, నేనూ నమ్మేస్తిని” అన్నాడు వెంకటగిరియప్ప. కావాలని అన్నాడో, మాట జారిందో. “శనివారం పట్టు పంపిస్తాను, మగ్గం ఎవరికీ ఇయ్యద్దు” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె నవ్వు అప్పుడు ఆగింది. తల తిప్పి వీధి కిటికీల వైపు చూసింది. నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 12

సొన్నప్ప మనుషులతో వచ్చాడు. వదినే వెళ్ళి మగ్గం అమ్మేది లేదని చెప్పి పంపేసింది. తర్వాత నేనున్న చోటికి వచ్చింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను, పడలేదు. అది కూడా నాటకంలా ఉంటుందనిపించింది.

“వీధి కిటికీలు కావాలని అడిగింటే ఇయ్యనంటినా నారాయణప్పా? మగ్గం కాడ గోనెపట్టా కట్టుకొని ఇంకొక ఏడు నేసుకొనిందును. నాకేం కొత్తా?”

“తప్పయింది వదినా.”

“డబ్బు పోనీ. కండ్లు ఆనవని ఏంటికి చెప్తివి? పది దినాలు సూది పట్టుకొని కూర్చుంటిని కదా. నువ్వు చూస్తానే ఉంటివి కదా.”

దీనికి జవాబుగా ఇప్పుడు ఇక్కడ రెండు మూడు వాక్యాలు రాసి కొట్టేశాను. అన్నీ నన్ను నేను వెనకేసుకొచ్చేవే.

ఏప్రిల్ 14, ఆదివారం

వీధి కిటికీల గాజు ఊడదీసి మగ్గం గదికి పెట్టిస్తానన్నాను. పెద్దమునియప్ప కొలత చూసి, ముక్కలు కోసి అతకాలి, గీతలు పడతాయి, మగ్గానికి పనికిరాదన్నాడు. వదిన నీలపు పలకలన్నీ తీయించేసింది. పగలు ఆ కన్నం తెరిచి నేస్తోంది, సాయంత్రం గోనెపట్టా దించుతోంది. గాలికి పోగులు చెదురుతున్నాయి. మాటిమాటికీ ఆగి సరిచేసుకోవడం ఇక్కడికి వినిపిస్తోంది.

కరగ పున్నమి

సాయంత్రమే వచ్చేశారు. గురురాజారావుగారు, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వీధంతా మల్లెపూల వాసన. ఆయన కిటికీ దగ్గర కూర్చొని రెక్కలు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశారు. “భేషుగ్గా చేయించారు మునినారాయణప్పా! మా ఇంటికి కూడా లేవు ఇలాంటివి. ఎంతైంది?”

“నాకు తెలియదు సార్. మా వదిన డబ్బుతో పెట్టించినవి” అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. “ఆవిడకు డబ్బు...?”

“మగ్గం నేస్తుంది సార్. మా ఇంట్లోనే. పోయిన ఏడు మన సెక్షన్లో ఒకాయన విని అడిగిన చప్పుడు మాదే, పక్కింటిది కాదు.”

అట్లాగా అన్నారు. అంతే, ఆయనకు అదేమీ పెద్ద సంగతి కాలేదు. కాఫీ బాగుందన్నారు. దీని కోసమా నేను ఇంత చేసింది!

అప్పుడే గమనించాను, మగ్గం చప్పుడు లేదు. లోపలికి పోయాను. వదిన మగ్గం గుంటలో ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చొని ఉంది. తెరిచిన కన్నంలోంచి ఇంకా బోలెడు వెలుతురు వస్తోంది.

“ఏం వదినా, నేయి” అన్నాను. “నేను చెప్పేశాను వాళ్ళకు.”

“పెద్దోళ్ళు వచ్చిండారు కదప్పా. వాళ్ళు పోయినంక చూసుకొంటాలే.”

“పరవాలేదు, నేయి. వాళ్ళేమీ అనుకోరు.”

“నువ్వు పోయి వాళ్ళ కాడ కూర్చో” అంది. కోపంగా అనలేదు. పరాయింటివాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా, మర్యాదగా అంది. నేను పోయి కూర్చున్నాను. కరగ వచ్చేదాకా మగ్గం ఆడలేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

వదిన మొన్న కొత్త చీర పూర్తి చేసింది. ఈసారి తానే తీసుకెళ్ళి సావుకారుకు ఇచ్చి వచ్చింది. నేను దారే కదా అన్నాను. ఎండగా లేదులే, నడుస్తాను అంది.

ఈరోజు పెద్దమునియప్పను పిలిపించింది. మగ్గం గది కిటికీకి తెల్లగాజు. నేను పడసాలలో కాగితం, పెన్సిలు పెట్టుకొని కూర్చున్నాను, కొలతలు రాసుకుందామని. వాళ్ళిద్దరూ లోపల నిలబడి మాట్లాడుకున్నారు. ఆమె జానలతో కొలిచి చెప్పింది. ఎన్ని పలకలు, ఏ కొట్టులో ధర ఎంత, చెక్క మార్చాలా అక్కరలేదా, అన్నీ అడిగింది. అతడు చెప్పినవి వేళ్ళ కణుపుల మీద కూడుకుంది. ఒకచోట అతడు ఎక్కువ చెప్తే పట్టుకుంది కూడా. ఇంత లెక్క వచ్చునా ఆమెకు! వచ్చు. ఎప్పుడూ వచ్చు. నాకు ఇచ్చింది లెక్క రాక కాదు.

తర్వాత ఇద్దరూ పడసాలలోకి వచ్చారు. ఆమె నడుము సంచి విప్పి డబ్బు తీసింది. ఇంట్లో ఏ డబ్బయినా ఇన్నేళ్ళూ మొదట నా చేతికే వచ్చేది, అలవాటుగా లేచి నిలబడి చెయ్యి చాచాను.

ఆమె నా చెయ్యి చూసింది. చూసి, నన్ను దాటి, డబ్బు పెద్దమునియప్ప చేతిలో పెట్టింది. “పద, నేనూ వస్తాను. గాజు నా కండ్లతో చూసి తీసుకొంటాను” అని చెప్పులు వేసుకుంది.

రత్నమ్మ గడపలో నిలబడి చూస్తోంది. చాచిన చెయ్యిని ఏం చేయాలో తెలియలేదు. చొక్కా గుండీ సరిచేసుకుంటున్నట్టు వెనక్కి తీసుకున్నాను. గుండీ పెట్టుకొనే ఉంది.